ఆది కర్ర

ఏమండీ గారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యా, నేనూ క్షేమం. మీరు ఆ సొరంగం పనిలో వేళకు తింటూ, దుమ్ము వీలైనంత తక్కువ మింగుతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అన్న ఆ మొదటి వాక్యాన్ని మీరు ఎప్పుడూ చూపు ఆనించకుండా దాటేస్తారని నాకు తెలుసు. ఈసారి వెనక్కి వెళ్లి ఇంకోసారి చదవండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మీ ఉత్తరం మంగళవారం అందింది. సరుకుల వ్యాను డ్రైవరు దాన్ని ఎక్కడ పెట్టుకుని తెచ్చాడో గానీ, మీ దస్తూరీ మీద ఎవరిదో టీ గ్లాసు గుండ్రంగా కూర్చుని లేచిన గుర్తు ఉంది. అయినా కాగితమే నయం. ఫోనులో మీ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చి, అసలు మాట దగ్గర తెగిపోతుంది. కాగితం మీద మీరు తెగిపోరు, నేను అడ్డు తగలను.

అత్తయ్య దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది. ఆ జాగాను మాటలు ఆక్రమించాయి. కుట్టుమిషను ముందు కూర్చుని, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ల భుజాల కొలతలు చెబుతున్నారు. మొన్న మా ప్రిన్సిపాలు గారు ఏవో కాగితాల కోసం ఇంటికి వచ్చి వెళుతుంటే, "ఆవిడ కుడి భుజం అర అంగుళం కిందకి ఉందే, పాపం, సంచీ మోత" అన్నారు. ఆవిడ ఇంకా గేటు దాటలేదు. వినే ఉంటుంది.

షెడ్డు రేకు ఇంకా కారుతోందా అని అడిగారు. కారుతోంది, అదీ గురిచూసి డ్రైవరు సీటు మీద. బకెట్టు పెట్టాను. అంచేత నెల రోజులుగా మన బండిని నడుపుతున్నది బకెట్టే. వెనక తలుపు దగ్గరి ఆ చెక్క అతుకు తీయించేశావా, తనిఖీ రోజు నలుగురిలో పరువు పోతుంది అని రాశారు. దాని సంగతి తరవాత. షాఫ్టు వచ్చిందా అని వరసగా మూడో ఉత్తరంలోనూ అడిగారు. దాని సంగతి ఇంకా తరవాత.

ముందు నా విసుగు వినండి. ఇది ఒక్కరోజు విసుగు కాదు. ఆరేళ్లుగా మీరు బండి ముక్కలు పోగేస్తుంటే, పక్కనే కూర్చుని నేను పోగేసుకున్నది. పడకగదిలో బీరువా తెరవాలంటే ముందు ఎడమ తలుపు పక్కకు జరపాలి. బీరువా తలుపు కాదు, బండి తలుపు. వంటింటి పై అరలో డబ్బాల వెనక నుంచి రెండు హెడ్‌లైట్లు నేనేం వండుతున్నానో కనిపెట్టి చూస్తుంటాయి. జవాబు పత్రాలు దిద్దే బల్ల కింద కార్బురేటరు ఉంది. దానికి నా కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒక పిల్లకు రెండు మార్కులు తగ్గుతున్నాయి. మీ అమ్మగారు రోజూ పొద్దున్నే "నీ సవతి ఇంకా లేవలేదా?" అని అడుగుతారు. ఆ సవతి పడుకున్నదీ మన ఇంట్లోనే, లేవనిదీ మన ఇంట్లోనే, చాకిరీ మాత్రం నాది.

బోనెట్టు కోళ్ల ఫారంలో దాణా తొట్టిగా ఉండగా దొరికింది. ఇంజను ఒక కోతమిల్లులో రంపం తిప్పుతూ దొరికింది. స్టీరింగు చక్రం సెలూనులో అద్దం చుట్టూ అలంకారంగా ఉంటే, గడ్డం గీయించుకోవడానికి వెళ్లిన మీరు సగం గడ్డంతో దాన్ని భుజాన వేసుకుని వచ్చారు. అప్పుడు నేను నవ్వాను. అప్పుడు నవ్వడమే నేను చేసిన తప్పు. మీకు అది సంతకం పెట్టిన అనుమతి పత్రంలా కనబడి ఉంటుంది.

ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి బిగించిన ఇనుము పాత బండి ఎలా అవుతుంది, కొత్త బండి ఎందుకు కాదు? చరిత్ర పాఠం చెప్పేదాన్ని, నాకు జవాబు తెలిసి ఉండాలి. తెలియదు. తెలియకనే మనం ఆ ఛాసిస్ మీద కొట్టిన నంబరును పట్టుకుని వేలాడాం. ఇటుకబట్టీ వెనక పొదల్లో తుప్పుపట్టి పడి ఉన్న ఆ చట్రం, మావయ్యగారు బడిపిల్లల యూనిఫారాల మూటలు వేసుకుని తిప్పిన చిన్న సామాన్ల బండిదేనని తెలిసిన రోజు మీరు చెంబెడు నీళ్లు గడగడా తాగడం నాకు గుర్తుంది. ఆ నంబరు అత్తయ్య ఇప్పటికీ కళ్లు మూసుకుని చెబుతారు. మావయ్యగారి పుట్టినతేదీ అడిగితే తడుముకుంటారు.

రవాణా ఆఫీసు కాగితం మీరూ చూశారు. ఇరవై ఎనిమిది, గురువారం, ఆఫీసు మూసేలోపు బండి తన చక్రాల మీద తాను నడిచి వాళ్ల గేటు దాటాలి. పాత రిజిస్టరులో ఉన్న వివరాలతో సరిపోవాలి. లేదంటే నంబరు కొట్టేస్తారు. ఇంత పాత బండికి కొత్త నంబరు ఇవ్వరు. ఇక అది ఎప్పటికీ షెడ్డులో బొమ్మే. ఇవాళ ఆదివారం. పదకొండు రోజులున్నాయి.

ఇక షాఫ్టు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా తిరిగే ఆ గొట్టం లేకపోతే ఇంజను ఎంత గింజుకున్నా చక్రం కదలదని నాకు మీరే చెప్పారు. లేతు మేస్త్రి ఆలస్యం చేస్తున్నాడని మీకు మూడు ఉత్తరాల్లో రాశాను. అబద్ధం. పాపం, ఆయన ఏనాడో ఇచ్చేశాడు. నెలన్నర అయింది. దాన్ని గోనెపట్టాలో చుట్టి అత్తయ్య మంచం కింద దాచాను.

అందలేదండీ. రెండంగుళాలు పొట్టి. ఒక కొస బిగిస్తే రెండో కొస అంత దూరంలో నిలబడి నన్ను వెక్కిరించింది.

యాభై రెండంగుళాలు అని నేను కొలిచి పంపాను. "యాభై అని చెప్పు" అని మీరు జవాబు రాశారు. జాయింటు కోసమో దేనికోసమో తగ్గించి ఉంటారనుకున్నాను, అడగలేదు. అది అందలేదని తెలిసిన క్షణంలో మాత్రం తప్పు నాదే అని తేల్చేసుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకముందే అది నాదని ఒప్పుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. తాళం వేసి మూడుసార్లు లాగి చూసి, వీధి చివరి నుంచి నాలుగోసారి చూడటానికి వెనక్కి వచ్చే మనిషిని. మీకు కొత్తగా చెప్పేదేముంది. లేతు మేస్త్రి దగ్గరికి వెళ్లి నసిగాను. "అమ్మా, మీరు యాభై అన్నారు, నేను యాభై చేశాను. అందులో వెంట్రుకవాసి తేడా ఉందంటే ఇదిగో, ఈ చెయ్యి నరికెయ్యండి" అన్నాడు. ఆ చేతికి అప్పటికే ఒక వేలు లేదు. షాఫ్టును మళ్లీ గోనెపట్టాలో చుట్టుకుని వచ్చేశాను.

అలా నెలన్నర. రోజూ పొద్దున తప్పు నాదేనన్న బాధ, సాయంత్రం కోపం. మీకు రాయడానికి కూర్చోవడం, "మేస్త్రి ఇంకా ఇవ్వలేదు" అని రాసి కవరు అంటించడం.

పోయిన గురువారం చక్రాల నట్లు తిప్పే పానా కనబడక షెడ్డు తలుపు వెనక వెతికాను. అక్కడ మేకుకు మీ పాత వానకోటు వేలాడుతుంటుంది కదా. ఆరేళ్లుగా దాన్ని ఎవరూ తొడుక్కోగా నేను చూడలేదు, నేను తీయనూ లేదు. తీశాను. తలుపు చెక్క మీద మీ పెన్సిలు రాత. రెండు వరసలు. ఒకదాని మీద "ఇంటావిడ కొలత" అని, రెండోదాని మీద "అసలు" అని ఉంది. అద్దం రబ్బరు, సీటు కింది పట్టీ, బాడీ చెక్కలు, నేను ఈ ఆరేళ్లలో కొలిచి చెప్పిన ప్రతిదీ ఉంది. ప్రతిదానికీ ఎదురుగా రెండంగుళాలు తగ్గించి ఉంది. పానా సంగతి మరిచిపోయి అక్కడే పీపా మీద కూలబడ్డాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. మీ టేపు విరగ్గొట్టింది నేను.

బండి పని మొదలైన మొదటి నెల. మీరు ఊళ్లో లేరు. పెయింటు డబ్బా మూత ఎంతకీ రాకపోతే, చేతికందిన టేపు కొస దూర్చి లేపాను. మూత రాలేదు గానీ కొస మడతపడి చిట్లింది. మీ మొదటి ఉద్యోగంలో మీ ఫోర్‌మన్ గారు చేతిలో పెట్టిన టేపు అది. దాన్ని మీరు వాడిన ప్రతిసారీ గుడ్డతో తుడిచి పెట్టుకోవడం చూసినదాన్ని. నాకు భయం వేసింది. రేకు కత్తెరతో రెండో అంగుళం గీత దగ్గర శుభ్రంగా కత్తిరించి, పాత కొక్కేన్నే మళ్లీ బిగించి, ఉన్నచోట పెట్టేశాను. అప్పటి నుంచి అది లెక్క రెండు నుంచి మొదలుపెడుతోంది. నేను ఎప్పుడు కొలిచినా ఆ రెండూ తీసేసి మీకు చెబుతున్నాను. మీరు చూడలేదనే అనుకున్నాను. టేపు మీద ఒకటీ, రెండూ లేకపోతే ఇంజనీరు కంటికి ఆనకపోవడం ఎలా సాధ్యమని ఆరేళ్లలో ఒక్కసారీ అనుమానం రాలేదు. అన్నిటి మీదా అనుమానం వచ్చే నాకు, రావలసిన చోట రాలేదు. క్లాసులో మాత్రం ఒక్కరి సాక్ష్యం నమ్మకండి, రెండోవారికి ఏం తెలుసో అడగండి అని పిల్లలకు బోర్డు మీద రాస్తాను.

మీరు చూశారు. మొదటి రోజే చూసి ఉంటారు. నేను నొచ్చుకుంటానని అడగలేదు. కొస పోయిందని నాకు తెలియదేమో, గీత మీద ఉన్నది ఉన్నట్టు చదివి చెబుతున్నానేమో అనుకుని, నేను చెప్పిన దాంట్లోంచి మీరూ రెండు తీసేశారు. నేనూ తీశాను, మీరూ తీశారు. తగ్గింది మాత్రం బండికి. రబ్బరును సాగదీసి, పట్టీని లాగి బిగించి సరిపెట్టుకున్నాం గానీ చెక్కా, ఇనుమూ సాగవు కదా.

మొదట నవ్వొచ్చింది. తరవాత ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ మండుతోంది. మీరు సెలవుకు వచ్చినప్పుడల్లా, నేను లేవకముందే షెడ్డులోకి వెళ్లి, నేను బిగించిన బోల్టులన్నిటికీ మళ్లీ పానా పెట్టి చూస్తారట. అత్తయ్య చెప్పారు. చెడ్డ బుద్ధితో కాదని తెలుసు. మీది మంచితనమే, కాదనను. కానీ ఏమండీ, ఆ మంచితనం ఎప్పుడూ నా వెనకే ఎందుకు తిరుగుతుంది? ఎదురుగా వచ్చి "ఈ టేపు ఇలా అయిందేమిటి?" అని ఒక్క మాట అడిగి ఉంటే, నేను ఆ రోజే ఏడ్చి, మీరు ఆ రోజే కసిరి, మర్నాడు ఇద్దరం వెళ్లి కొత్తది కొనుక్కుని ఉండేవాళ్లం. ఆరేళ్లు తలుపు వెనక పద్దు రాశారు. పైన కోటు కప్పారు.

అలాగని నేనేమీ తక్కువ తినలేదు. మీరు పది రోజులు ఉంటానని రాస్తే అత్తయ్యకు ఎనిమిదే అని చెబుతాను, ఆశ పెట్టుకుంటారని. నేను "బాగున్నాం" అని రాస్తే మీరు అంతా నమ్మరు, ఎదురింటి డ్రిల్లు మాస్టారికి ఫోను చేసి వాకబు చేస్తారు. ఆయన కడుపులో రహస్యం నిలవదు. ఫోను చెవి దగ్గర ఉండగానే గోడ మీంచి అరుస్తాడు: "అమ్మా! మీరు నిజంగా బాగున్నారా అని మీ ఆయన అడుగుతున్నారు. ఏమని చెప్పమంటారు?"

శుక్రవారం కాలేజీ నుంచి నేరుగా వడ్రంగి ఇంటికి వెళ్లాను. నాలుగేళ్ల కిందట, బాడీ చెక్కలు పొట్టిగా కోశావని మీరు ఆయన్ని పదిమందిలో నిలదీస్తే, మిగిలిన సందులో ఒక అడ్డ పట్టీ అతికి, ఉలి సంచిలో వేసుకుని వెళ్లిపోయిన మనిషి మళ్లీ మన గడప తొక్కలేదు. నన్ను చూసి చిత్రిక పట్టడం ఆపలేదు. నిలబడే చెప్పాను, టేపు సంగతి, రెండంగుళాల సంగతి, అంతా. చెప్పడం అయ్యాక ఆయన చెక్కపొట్టు ఊదుకుని అన్నాడు: "నాలుగేళ్లు పట్టిందా అమ్మా ఆ మాటకి? నేను ఆ రోజే మా ఆవిడతో అన్నాను. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పెద్ద చదువులు చదివారే, ఒక్క తీసివేత తప్ప ఏదీ రాలేదు అని."

నా మొహం ఎలా ఉందో, ఆయనే లేచి పీట వేశాడు.

ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "టేపు సంగతి నాకు తెలుసులే" అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు కత్తిరించినప్పటి నుంచి. వసారాలో మిషను ముందు కూర్చున్నది ఎవరనుకున్నావ్, బొమ్మనా?"

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"కట్టుకున్నవాడికే చెప్పనిదానివి. వాడు కన్నతల్లికే చెప్పనివాడు. మీ ఇద్దరి మధ్యా దూరి నలగడానికి నాకేం పట్టింది?" అని దారం పళ్లతో తెంపారు. "అయినా నీకు అంకెలతో పనేమిటే? కొలతలు చెప్పడం రానివాళ్లు చొక్కా కుట్టించుకోవట్లేదా? ఒంటికి సరిపోయిన పాత చొక్కా తెచ్చి ఆది ఇచ్చిపోతారు. నలభై ఏళ్లలో ఆది పెట్టి కుట్టిన బట్ట ఒక్కటి వెనక్కి రాలేదు నాకు. అంకెలు చెప్పి కుట్టించుకున్నవాళ్లే తిరిగొచ్చి పోట్లాడారు. నీ సవతికీ ఆది ఇవ్వు."

షాఫ్టుకి ఆది ఎక్కడి నుంచి వస్తుంది, పాతది ఉంటే ఈ గోలెందుకు అన్నాను. ఆవిడ నన్ను తెలివితక్కువ గిరాకీని చూసినట్టు చూసి, "లేకపోతే చేసుకోవాలి" అన్నారు.

నిన్న శనివారం వడ్రంగి వచ్చాడు, మనింటికి, నాలుగేళ్ల తరవాత. వేలి లావు బద్దలు రెండు తెచ్చాడు. ఒక్కొక్కటీ షాఫ్టుకన్నా పొట్టి, రెండూ కలిపితే పొడుగు. మీ అమ్మగారు డెబ్బై ఏళ్ల వయసులో చాప పరుచుకుని బండి కిందకి పాకారు. వద్దంటే వినలేదు. "నా మొగుడి బండి కిందకి నేను దూరితే నీకేమిటే?" అన్నారు. ఆవిడ ఒక బద్ద కొసను ఇరుసు వైపు ఆనించి పట్టుకున్నారు. నేను రెండో బద్దను గేరుబాక్సు వైపు ఆనించాను. మధ్యలో రెండూ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి.

"ఆనిందా?"

"ఆనింది అత్తయ్యా."

"గట్టిగా ఆనిందా? మీ ఆయనలా మొహమాటానికి ఆనిందా?"

వడ్రంగి బండి పక్కన గొంతుక్కూర్చుని, రెండు బద్దలూ కదలకుండా అత్తయ్య గుండీల దారంతో నాలుగు చోట్ల బిగించి కట్టాడు. మేం బయటికి పాకి వచ్చేసరికి మా చేతిలో ఒక కర్ర ఉంది. దాని మీద గీత లేదు, అంకె లేదు.

దాన్ని భుజాన వేసుకుని వీధుల వెంట లేతు మేస్త్రి దగ్గరికి నడిచాను. దారిలో నా స్టూడెంట్లు ఇద్దరు కనబడి నమస్కారం పెట్టి, నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. మేస్త్రి కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంకె చెప్పండమ్మా."

"అంకె లేదు. ఇదే."

"సరే, నేనే కొలిచి రాసుకుంటాలెండి."

"రాసుకోండి. నాకు మాత్రం చెప్పకండి."

ఆయన కర్రను గోడకు ఆనించాడు. వచ్చే శనివారానికి ఇస్తానన్నాడు. ఆ అంకె నాకు తెలియదు, మీకూ తెలియదు. మనిద్దరిలో ఎవరూ దాంట్లోంచి ఏమీ తీసేయలేరు.

ఇంతవరకూ ఆదివారం రాశాను. పోస్టు చేయబోయి ఆగాను. నెలన్నర అబద్ధం రాశాక, సగం కథ పంపడానికి మనసొప్పలేదు. ఇవాళ ఇరవై తొమ్మిది, శుక్రవారం.

షాఫ్టు చెప్పిన శనివారమే వచ్చింది. మేస్త్రి స్వయంగా వచ్చి బిగించాడు. రెండో కొస వెళ్లి దాని చోట్లో అది కూర్చున్న చప్పుడు ఎంత చిన్నదో తెలుసా, డబ్బా మూత పడ్డంత. దానికోసం నెలన్నర నిద్ర పాడుచేసుకున్నాను. ఆనందం కలగలేదు, నిజం చెప్పాలంటే. అలసట కమ్మింది. ఆ తరవాత నాలుగు రోజులూ కూడా సుఖంగా గడవలేదు. బ్యాటరీ దిగిపోయింది. హారను ఆగకుండా మోగి డ్రిల్లు మాస్టారు విజిలుతో బయటికి వచ్చారు. బోల్టులన్నీ నేనే బిగించాను. రెండేసి సార్లు బిగించాను, ఒకసారి బండి కోసం, ఒకసారి నా కోసం.

నిన్న పొద్దున బకెట్టు దింపి నేను ఎక్కాను. అత్తయ్య పక్కన. వడ్రంగి వెనక, తన అతుకు మీదే కూర్చున్నాడు, "నా చెక్క మీద నేను కూర్చుంటే ఊడిపోదు" అని. బండి మూడు కూడళ్లలో ఆగిపోయింది. మూడోచోట వెనక కారువాడు తల బయటపెట్టి, "అమ్మా, మ్యూజియం ఇటు కాదు" అని అరిచాడు. అత్తయ్య కిటికీలోంచి వంగి, "తెలుసు నాయనా, నిన్ను దింపడానికే వెళుతున్నాం, వెనక ఎక్కు" అన్నారు.

ఆఫీసులో వరస. వరస తరవాత, బ్రేకు లైటు వెలగడం లేదని వెనక్కి పంపారు. బల్బు కొనుక్కొచ్చేసరికి భోజనాల విరామం. మళ్లీ వరస. సాయంత్రం ఆఫీసు మూయడానికి ఇరవై నిమిషాలు ఉందనగా తనిఖీ అధికారి మా దగ్గరికి వచ్చాడు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. పాత రిజిస్టరు తెరిచాడు. ఛాసిస్ మీద నంబరు చూసే లోపల అత్తయ్యే గడగడా చెప్పేశారు. ఆయన నవ్వలేదు.

"నంబరు ఒక్కటీ చాలదమ్మా. ముక్కలు ఏరుకొచ్చి పాత నంబరు తగిలించేవాళ్లు వారానికి ఇద్దరు వస్తారు. బాడీ నేల పొడవు ఆరడుగుల నాలుగంగుళాలు అని ఉంది ఇక్కడ." జేబులోంచి టేపు తీశాడు.

ఏమండీ, నాకు అప్పుడు తట్టింది. బాడీ చెక్కలు మనం కోయించినవి. నేను కొలిచినవి. మీరు తగ్గించినవి. ఆయన క్యాబిను వెనక టేపు ఆనించి ఇటు వస్తున్నాడు. చెక్కలు ఆరడుగుల రెండంగుళాల దగ్గర అయిపోయాయి. ఆ తరవాత అతుకు. ఆయన వేలు అతుకు చివరి అంచు మీద ఆగింది. రిజిస్టరు చూశాడు. టేపు చూశాడు. మళ్లీ రిజిస్టరు చూశాడు.

"సరిపోయింది. ఈ అడ్డ పట్టీ ఏమిటి?"

అత్తయ్య అన్నారు, "మా ఇంటి టేపు పారేసుకున్న రెండంగుళాలు బాబూ. ఈయన దాచిపెట్టాడు" అని వడ్రంగిని చూపించారు. అధికారికి ఏమీ అర్థం కాలేదు. పెన్సిలు చెవి మీంచి తీసి టిక్కు పెట్టాడు. ముద్ర వేశాడు. వడ్రంగి అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమటేనన్నాడు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: అతుకు తీయించలేదు. మీరు తీయించమన్నారని తెలిసీ, మొదట బద్ధకంతో, తరవాత వడ్రంగి మీద మర్యాదతో తీయించలేదు. ఇక తీయించను. దానికి రంగు కూడా వేయను. మీరు వచ్చాక మొదట వెళ్లవలసింది ఆయన ఇంటికి.

పన్నెండో తారీఖున వస్తాను, పది రోజులు ఉంటాను అని రాశారు. అత్తయ్యకు పది అనే చెప్పాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసి, "పన్నెండులో తగ్గించావా, పదేనా?" అని అడిగారు. పదే అన్నాను. ఇక మీ పని, దాన్ని పది చేయడం.

ఉత్తరం మొదట్లో క్షేమం అని రాశాను. విసుగుంది, నడుం నొప్పి ఉంది, మీ మీద కోపం ఇంకా సగం ఉంది. అవన్నీ పోను మిగిలింది రాశాను. అందులోంచి మళ్లీ ఏమీ తీసేయకండి. మాస్టారికి ఫోను చేయకండి.

తలుపు మీది మీ రాతను చెరపలేదు. కోటు మాత్రం తీసేసి మడిచి పెట్టాను. ఆది కర్ర మేస్త్రి తిరిగి ఇచ్చాడు, ఆ మేకుకే తగిలించాను, పక్కన మీ టేపు. బోల్టులన్నీ బిగించే ఉన్నాయి. మీకు మళ్లీ పానా పెట్టి చూడాలనిపిస్తే చూడండి, నేను ఏమీ అనుకోను. కానీ నేను లేచేదాకా ఆగి, నా ఎదురుగా చూడండి.

ఇట్లు,
అంగుళం తగ్గని
మీ ఇంటావిడ